పెగడపల్లి నుంచి జపాను మంచుకొండలకు

జగిత్యాల జిల్లా పెగడపల్లి నుంచి ఒక పాఠకులు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు కనుక వేయడం లేదు.

"నా వయస్సు 54 సంవత్సరాలు. ఉపాధ్యాయుణ్ణి. ఆరేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. మొదట మాత్రలు వాడాను. ఏడాదిగా రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటున్నాను. మా అబ్బాయి జపానులో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జనవరిలో నన్నూ, వాళ్ళమ్మనూ రమ్మంటున్నాడు. హొక్కైడో అనే చోట పిండిలాంటి మంచు పడుతుందట, అందులో నాచేత స్కీయింగ్ చేయిస్తాడట. వాడు నేర్చుకున్నది కిందటేడే. నాకూ వెళ్ళాలనే ఉంది. అయితే ఇన్సులిన్ సంగతి వాడికి ఇంతవరకు చెప్పలేదు. చెబితే రావద్దంటాడేమోనని భయం. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మేము వెళ్ళవచ్చునా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?"

వెళ్ళవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నంత మాత్రాన మంచు చూడకూడదని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చక్కెరా కాదు, వయస్సూ కాదు. అబ్బాయికి చెప్పలేదన్నారే, ఆ ఒక్క వాక్యం. దాని సంగతికి చివర వస్తాను. మీలాగే పిల్లల దగ్గరికి చలిదేశాలకు వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఒకప్పుడు మీ వైపు ఇళ్ళలో ప్రయాణమంటే గల్ఫ్ ప్రయాణమే. ఇప్పుడు అమెరికా, జపాను కూడా ఇరుగుపొరుగు మాటలయ్యాయి. కనుక ఈ వారం అందరికీ పనికివచ్చేలా కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆ మంచు సంగతి

మనకు నైరుతి ఋతుపవనాలు సముద్రం మీది తేమను మోసుకువచ్చి సహ్యాద్రి కొండలకు తగిలి వానలు కురిపిస్తాయి కదా! జపానులో చలికాలం జరిగేదీ దాదాపు అదే. సైబీరియా నుంచి వీచే గడ్డకట్టించే గాలులు జపాను సముద్రం మీదుగా వస్తూ తేమను తాగుతాయి. అవతలి ఒడ్డున కొండలు ఎదురుకాగానే ఆ తేమను మంచుగా దులిపేస్తాయి. ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో చలి ఎక్కువ కనుక అక్కడి మంచులో నీటి పాలు తక్కువ. పిడికిట పట్టి నొక్కినా ముద్ద కాదు, జల్లించిన పిండిలా రాలిపోతుంది. నిసెకో అనే చోట ఒక్కో శీతకాలంలో కురిసే మంచంతా లెక్కిస్తే పది మీటర్లకు పైనే ఉంటుంది. జనవరి మధ్యనుంచి ఫిబ్రవరి మధ్యదాకా దానికి మంచి అదను.

జపానువారికి స్కీయింగ్ నేర్పినవాడు ఒక ఆస్ట్రియా సైనికాధికారి. ఆయన పేరు థియోడర్ ఫోన్ లెర్ఖ్. 1911 జనవరిలో తకదా అనే ఊళ్ళో జపాను సైనికులకు ఆయన మొదటి పాఠం చెప్పాడు. తర్వాత 1972లో హొక్కైడోలోని సప్పొరో నగరంలోనూ, 1998లో నగానోలోనూ శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగాయి.

మీకు కలిసివచ్చే విషయం ఒకటుంది. నిసెకో కొండ ఎత్తు 1,308 మీటర్లే. అందుచేత ఎత్తు ప్రదేశాల్లో వచ్చే తలనొప్పి, ఆయాసం, వాంతుల బెడద అక్కడ ఉండదు. అదే మన కాశ్మీరులోని గుల్మార్గ్ అయితే ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి తీగబండి దాదాపు 4,000 మీటర్లకు చేరుస్తుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు 'మనదేశమే కదా' అని ధీమాగా అక్కడికి వెళ్ళి ఇబ్బంది పడవచ్చు. దూరం వేరు, ఎత్తు వేరు.

ముందుగా పరీక్షలు

ప్రయాణానికి రెండు నెలల ముందే మీ డాక్టరుగారిని కలవండి. రక్తపోటు, ఇ.సి.జి., మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, మూత్రపిండాల పరీక్ష చేయించుకోండి. కంటి వెనుక పొరను కూడా చూపించుకోండి. ఆ పొరలో రక్తస్రావం ఉన్నవారు కిందపడే ఆటల జోలికి పోరాదు. పాదాల స్పర్శ చూడమని మీరే అడగండి. అరికాలికి స్పర్శ తగ్గినవారికి స్కీ బూటు లోపల ఒరుసుకున్నా తెలియదు. సాయంత్రం బూటు విప్పేసరికి పుండు కనబడుతుంది.

ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, నడిస్తే ఛాతీ నొప్పి వచ్చేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, గర్భిణులు మంచును కిటికీలోంచి చూసి ఆనందించడమే మంచిది. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. దానికి శ్రమ తోడైతే గుండె మీద రెండింతల బరువు. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి పడదు. నోటికీ ముక్కుకూ ఉన్ని గుడ్డ చుట్టుకుని, పీల్చే మందును లోపలి జేబులో ఉంచుకోవాలి.

కొండగట్టు మెట్లే మీ వ్యాయామశాల

వేసవిలో 45 డిగ్రీల ఎండలో తిరిగిన ఒళ్ళు మంచుకు అలవాటు పడుతుందా అని మీకు సందేహం రావచ్చు. మీ పొరుగు నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమె మొదట నేర్చుకున్నది భువనగిరి రాతికొండ మీద. తర్వాతే డార్జిలింగ్, లడాఖ్. పుట్టిన ఊరి ఎండ ఆమెకు అడ్డు రాలేదు. కాని ఆ శిఖరం వెనుక నెలల తరబడి సాధన ఉందని మరువకండి. సాధన లేకుండా మంచెక్కితే నేల విడిచి సాము చేసినట్లే.

స్కీయింగులో పని అంతా తొడలదీ, మోకాళ్ళదీ. దిగేటప్పుడు శరీరాన్ని ఆపి పట్టే కండరాలు బలపడాలి. మీకు దగ్గర్లో కొండగట్టు ఉంది. వారానికి రెండుసార్లు అంజన్న దర్శనం చేసుకుని మెట్లమీదుగా నెమ్మదిగా దిగండి. ఎక్కడం ఊపిరికి సాధన, దిగడం మోకాళ్ళకు సాధన. మిగతా రోజుల్లో ఇంట్లోనే ఇవి చేయండి:

ఒకటి, పదేసి గుంజీళ్ళు మూడు విడతలు. రెండు, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్లు అరనిమిషం నిలబడటం. రోజురోజుకూ కాస్త పెంచుతూ పోవాలి. మూడు, ఒంటికాలి మీద నిలబడి ఇరవై లెక్కపెట్టడం. నాలుగు, అరగంట చురుకైన నడక.

మోకాళ్ళు నొచ్చుతున్న మీ ఆవిడ గుంజీళ్ళు తీయనక్కరలేదు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి పది అంకెలు లెక్కపెట్టి దించితే చాలు. ఆవిడకు స్కీ పలకలు వద్దు. మంచు చూడటానికి తీగబండి ఉంది, నడవడానికి చదును బాటలున్నాయి. ఆవిడకు అసలు ప్రమాదం కొండమీద లేదు, బస దగ్గర గడ్డకట్టిన బాటమీద ఉంది. అడుగున పళ్ళున్న బూట్లు వేసుకుని, చేతులు జేబులో పెట్టుకోకుండా, చిన్న చిన్న అడుగులు వేయాలి.

పెట్టె సర్దేటప్పుడు

సిరిసిల్ల నూలు మన ఎండకు అమృతమే. మంచుకు మాత్రం పనికిరాదు. నూలు బనీను చెమటను పీల్చి తడిగా ఒంటికి అంటుకుంటుంది. ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఒంటిని ఆనుకుని పలుచని ఉన్ని లేదా పాలియెస్టర్ బనీను, దానిపైన స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి, నీరు చొరని కోటు ఉండాలి. ఒక్క లావుపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు. చెమట పోస్తే ఒకటి విప్పవచ్చు. మేజోళ్ళు మాత్రం ఒక్క జతే. రెండు జతలు తొడిగితే బూటు బిగిసి, రక్తం ఆడక, కాలు ఇంకా చల్లబడుతుంది.

కొత్త మంచు సూర్యకిరణాలలో నూటికి ఎనభై పాళ్ళ అతినీలలోహిత కాంతిని తిరిగి మన ముఖాన కొడుతుంది. మబ్బు పట్టిన రోజున కూడా గాగుల్స్ తీయవద్దు. తీస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం. ముఖానికి, పెదవులకు, గడ్డం కిందకు కూడా ఎండ పడకుండా పూత రాసుకోవాలి.

ఇన్సులిన్‌ను విమానంలో సామాను గదికి పోయే పెట్టెలో పెట్టవద్దు. చేతిసంచిలో ఉంచుకోండి. ఇక్కడ మనం దాన్ని ఎండనుంచి కాపాడతాం, అక్కడ చలినుంచి కాపాడాలి. ఒక్కసారి గడ్డకడితే కరిగిన తర్వాత చూడటానికి బాగానే ఉన్నా గుణం పోయినట్లే. పారవేయండి. కొండమీద దాన్ని చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచండి. చక్కెర చూసే యంత్రాన్నీ అలాగే. చలికి అది తప్పు లెక్క చూపవచ్చు.

డాక్టరుగారి చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకోండి. వ్యాధి పేరు, మందుల అసలు పేర్లు, సూదుల అవసరం అందులో ఉండాలి. జపానుకు చీటీ మందులు నెలకు సరిపడా మించి తీసుకువెళ్ళాలంటే ముందుగా అనుమతి కావాలి. మనం జలుబుకు మామూలుగా మింగే కొన్ని మాత్రల్లో సూడోఎఫిడ్రిన్ ఉంటుంది. దాని పాలు ఎక్కువైతే అక్కడ నిషిద్ధం. కోడీన్ కలిసిన దగ్గు మందులపైనా ఆంక్షలున్నాయి. అనుమానమున్న మందు ఏదైనా సరే, జపాను రాయబార కార్యాలయం వారిని అడిగి తెలుసుకోకుండా పెట్టెలో పెట్టవద్దు.

జనవరి అంటే సంక్రాంతి నెల. మీ ఇంట సకినాలు చేస్తారు. అబ్బాయికి నిక్షేపంగా తీసుకువెళ్ళండి. కోడిమాంసం పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసపు పదార్థాలను అక్కడి విమానాశ్రయంలో ఆపేస్తారు. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి చారుల్లో, పులుసుల్లో చాలామటుకు చేపల రసం కలుస్తుంది. కూరగాయలే పైకి కనబడుతున్నా అడిగి తినండి.

దారిలో

హైదరాబాద్ నుంచి ఢిల్లీకో మరో నగరానికో వెళ్ళి, అక్కడ విమానం మారి టోక్యో చేరాలి. ఢిల్లీ నుంచి టోక్యోకు దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం. గంటన్నరకొకసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు ఆడించండి. నీళ్ళు తాగండి. కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు. ఇన్సులిన్ వేళలు ఎలా జరపాలో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి.

దిగిన మర్నాడే హొక్కైడో పరుగెత్తవద్దు. టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో గంటన్నరలోపే గాలా యుజావా అనే స్టేషన్ వస్తుంది. 1990లో తెరిచారు. రైలు దిగి బయటకు రానక్కరలేకుండా స్టేషన్‌లోనే తీగబండి ఎక్కి మంచుకొండ చేరవచ్చు. అక్కడ మంచు హొక్కైడో మంచంత తేలిక కాదు, కాస్త తడి. కాని పరీక్షకు అది చాలు. ఒక రోజు వెళ్ళి, అద్దె బూట్లు తొడిగి, రెండు గంటలు పాఠం నేర్చుకుని రాత్రికి టోక్యో తిరిగి రావచ్చు. ఒంటికి పడుతుందో లేదో, చక్కెర ఎంత దిగుతుందో ఆ ఒక్కరోజుతో తెలిసిపోతుంది. పడకపోతే హొక్కైడో ఖర్చు మిగులుతుంది. పడితే విమానంలో సప్పొరో దగ్గరి షిన్ చితోసె చేరి, అక్కడినుంచి బస్సులో రెండు మూడు గంటల్లో నిసెకో వెళ్ళవచ్చు.

మంచుమీద మొదటి మూడు రోజులు

అద్దె దుకాణంలో మీ బరువు, ఎత్తు, వయస్సు, మీకు స్కీయింగ్ ఎంతవరకు వచ్చునన్నది అడుగుతారు. నిజం చెప్పండి. మనిషి పడినప్పుడు బూటు పలకనుంచి విడిపోయే బిగింపును ఆ లెక్కప్రకారమే తిప్పుతారు. 'కొంచెం వచ్చు' అని గొప్ప చెప్పుకుంటే బిగింపు గట్టిగా ఉంచుతారు. పడినప్పుడు పలక ఊడిరాదు, మోకాలు మెలితిరుగుతుంది. మోకాలి లోపలి బంధనం తెగితే నెలల తరబడి మంచమే. హెల్మెట్ తప్పనిసరిగా పెట్టుకోండి.

మొదటి మూడు రోజులు చదును చేసిన పిల్లవాలు మీద, శిక్షకుని దగ్గర నేర్చుకోండి. మీ అబ్బాయిని గురువుగా పెట్టుకోవద్దు. నేర్చుకుని ఏడాదైనవాడు తన కాళ్ళను తాను కాచుకోగలడేమో గాని మీ కాళ్ళను కాయలేడు. పిండిమంచు మొదటి పాఠం కాదు, చివరి పాఠం. మామూలు మంచులో పడితే చెయ్యి ఆనించి లేవవచ్చు. పిండిమంచులో చెయ్యి భుజందాకా దిగిపోతుంది. రెండు కర్రలనూ అడ్డంగా ఒకదానిమీద ఒకటి వేసి, కలిసినచోట అరచెయ్యి ఆనించి లేవాలి. నేర్చుకోనివాడు లేవలేక లేవలేక అలసిపోతాడు, చెమట పడతాడు, ఆపైన వణుకుతాడు. మూడోరోజుకు కాళ్ళు నిలిస్తే, చదును బాట అంచున చీలమండ లోతు కొత్తమంచులో నాలుగు అడుగులు జారి చూడండి. ఈ ప్రయాణానికి ఆ ముచ్చట చాలు.

చేతివేళ్ళు, ముక్కు, చెవులు తెల్లగా పాలిపోయి మొద్దుబారితే వెంటనే లోపలికి వెళ్ళండి. వేళ్ళను చంకలో పెట్టి వెచ్చబరచండి. మంచుతో రుద్దడం, మంటమీద కాచుకోవడం పెద్ద పొరపాట్లు. వెచ్చబడినా స్పర్శ రాకపోతే, బొబ్బలు లేస్తే డాక్టరుకు చూపించాలి. అంబులెన్సుకు అక్కడి నంబరు 119.

చెట్ల కింద గుంత

ఇక అబ్బాయి ఊరించే చెట్ల నడుమ మంచు సంగతి. కొమ్మలు గొడుగులా అడ్డుపడటంతో చెట్టు మొదలుచుట్టూ మంచు గట్టిపడదు. పైకి చదునుగా కనబడుతూ లోపల బావిలా గుల్లగా ఉంటుంది. అంచుకు జారినవాడు తలకిందులుగా అందులో పడతాడు. పైనుంచి మంచు రాలి కప్పేస్తుంది. కాళ్ళకు పలకలుంటాయి, తనంతట తాను బయటపడటం మహా కష్టం. నిమిషాల్లో ఊపిరి ఆడదు. పక్కనున్న మనిషి చూసి లాగితేనే బతుకు. అందుకే అక్కడ ఒంటరిగా పోరాదు, తోటివాణ్ణి కంటిచూపు దాటనివ్వరాదు, మెడలో ఈల ఉండాలి. పడుతుంటే చెట్టు కొమ్మనో, మొదలునో పట్టుకోవాలి. పడ్డాక ముఖం ముందు చేత్తో కాస్త జాగా చేసుకోవాలి.

మంచుపెళ్ళలు విరిగి జారే ప్రమాదం మరొకటి. వాటికింద కప్పబడినవారిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు. ఆ తర్వాత ఆశ గబగబా సన్నగిల్లుతుంది. నిసెకోలో స్కీ హద్దు దాటి వెళ్ళడానికి గేట్లున్నాయి. ప్రమాదమనిపించిన రోజు వాటిని మూసేస్తారు. తాడు కిందనుంచి దూరిపోవడం అక్కడ పెద్ద తప్పు. బయట చిక్కుకున్నవారిని వెదికే ఖర్చు కూడా వారిమీదే పడుతుంది. మీకు గానీ, ఒక్క ఏడు అనుభవమున్న మీ అబ్బాయికి గానీ ఆ గేటు బయట పనిలేదు. ఈ మాట నేను రాశానని వాడికి చూపించండి.

సాయంత్రం వేన్నీళ్ళు

జపానులో వేడినీటి ఊటల స్నానం గొప్ప సుఖం. నీరు నలభై డిగ్రీల పైన వేడిగా ఉంటుంది. స్కీయింగ్ ముగించగానే దిగవద్దు. నీళ్ళు తాగి, ఏదైనా తిని, చక్కెర చూసుకుని, పది నిమిషాలకు మించకుండా కూర్చుని నెమ్మదిగా లేవండి. వేడికి ఇన్సులిన్ త్వరగా ఒంట్లో కలుస్తుంది, రక్తపోటు హఠాత్తుగా పడుతుంది. మద్యం తాగి దిగడం ఎవరికీ మంచిది కాదు. అక్కడ వెచ్చదనం కోసం కైరో అనే చిన్న వేడి పొట్లాలు అమ్ముతారు. వాటిని చర్మానికి నేరుగా అంటించవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి అసలే వద్దు. తెలియకుండానే కాలి బొబ్బలు లేస్తాయి.

అబ్బాయికి ఎందుకు చెప్పాలి?

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. మంచులో శ్రమపడితే చక్కెర వేగంగా దిగిపోతుంది. దిగినప్పుడు ఏమవుతుంది? ఒళ్ళు వణుకుతుంది, మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, మనిషి అయోమయంగా చూస్తాడు. మరి చలి లోపలికి చొరబడితే ఏమవుతుంది? సరిగ్గా ఇవే! సంగతి తెలియని మీ అబ్బాయి ఏం చేస్తాడు? 'నాన్నకు చలేస్తోంది' అని తన కోటు కూడా తీసి కప్పుతాడు. పక్కన కూర్చోబెట్టి 'కాసేపు పడుకో నాన్నా' అంటాడు. అప్పుడు మీకు కావలసింది కోటు కాదు, మూడు చెంచాల పంచదార. ప్రేమకు లోటుండదు, తెలియకపోవడంతోనే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని వాడికి చెప్పండి. జేబులో పంచదార పొట్లం ఎక్కడుంటుందో చూపించండి. వణుకు వస్తే ముందు చక్కెర చూడాలి. చూసే వీలు లేకపోతే తీపి పెట్టాలి. 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదు, 119కు ఫోన్ చేయాలి. స్కీయింగుకు బయలుదేరే ముందు చక్కెర 100 కన్నా తక్కువ ఉంటే తిన్న తర్వాతే కదలండి. కష్టపడిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. కనుక పడుకునేముందు ఒకసారి చూసుకోండి. ఆ రోజుల్లో ఇన్సులిన్ మోతాదు ఎంత తగ్గించాలో మీ డాక్టరుగారే చెప్పాలి.

బీమా పత్రంలోనూ చక్కెర వ్యాధి దాచవద్దు. దాస్తే ఆస్పత్రి ఖర్చు ఇవ్వననడానికి వాళ్ళకు అదే సాకు అవుతుంది. చాలా ప్రయాణ బీమాల్లో స్కీయింగ్ చేరి ఉండదు, విడిగా అడిగి చేర్పించుకోవాలి.

దుకాణంవాడి దగ్గర అనుభవం గురించి, బీమావారి దగ్గర జబ్బు గురించి, కన్నకొడుకు దగ్గర ఇన్సులిన్ గురించి, మూడుచోట్లా నిజమే మీకు రక్ష. 'చెబితే రావద్దంటాడేమో' అని మీ భయం. అంటే అననివ్వండి. ఆ తర్వాత ఈ పత్రిక చేతికివ్వండి, డాక్టరుగారి కాగితం చూపించండి, కొండగట్టు మెట్లు ఎన్నిసార్లు దిగారో చెప్పండి. ఏమీ తెలియక పిలిచిన కొడుకు కన్నా, అన్నీ తెలిసి చెయ్యి పట్టుకుని నడిపించే కొడుకు మీకు ఎక్కువ ధైర్యం కదా!

ఈ రాత్రే ఫోన్ చేయండి. రేపు తెల్లవారి గుంజీళ్ళు మొదలుపెట్టండి. మీ ప్రయాణం క్షేమంగా సాగాలి.